పదకొండో నంబరు హెచ్చరిక

'మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వార్తల్లో వింటూ పెరిగినవాళ్లం మేం. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని, పది అంటే ఇక అంతేనని చాలాకాలం అనుకున్నాను. పది తర్వాత ఇంకొకటి ఉందని ఈమధ్యే తెలిసింది. పదకొండో నంబరు గాలి వేగం గురించి ఏమీ చెప్పదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం పాడయ్యేలా ఉందని అక్కడున్న అధికారి అనుకుంటున్నాడని, అంతే. అంటే ఆ పట్టికలో అన్నిటికన్నా పైన కూర్చున్నది కబురు అందకపోవడం.

దీని గురించి ఆలోచిస్తుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మాది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి మా ఇంట్లో ఒక కథ ఉండేది. 'మన డాబా మీద నలభై మంది బతికారు' అన్నది ఆ కథ. పండక్కి వెళ్లినప్పుడల్లా వినేవాణ్ణి. గర్వంగానే ఉండేది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒకసారి ఊరికే లెక్క కోసం అడిగాను, 'అమ్మమ్మా, ఆ నలభై మందీ ఎవరు?' అని. వేళ్లు మడుస్తూ చెప్పుకుంటూ పోయింది. అందరూ మా వీధివాళ్లు, మా చుట్టాలు, ఇద్దరు పాలేర్లు. కాలవ అవతల గూడెం నుంచి ఒక్కరూ లేరు.

'వాళ్లని రానివ్వలేదా?'

'అయ్యో, ఎవరు వద్దన్నార్రా? వస్తే కాదనేవాళ్లమా? పిలవాలని ఎవరికీ తట్టలేదంతే.'

తుపాను వస్తోందని మా తాతయ్య పొద్దున్నే రేడియోలో విన్నాడట. గూడెంలో రేడియో లేదు. మధ్యలో దూరం ఒక కాలవ, ఒక తాటిపట్టె వంతెన.

ఇందులో తప్పు ఎవరిది? ఈ ప్రశ్న పెద్దదే, పాతదే. 1755లో లిస్బన్ భూకంపం తర్వాత వోల్టేర్ దేవుడి మంచితనాన్ని నిలదీస్తూ కవిత రాస్తే, రూసో ఆయనకి ఉత్తరం రాశాడు. అన్ని వేల ఇళ్లని ఆరేడు అంతస్తుల ఎత్తున ఒకేచోట కట్టింది ప్రకృతి కాదు కదా అన్నది ఆయన వాదన. మన హైదరాబాదులోనూ ఆ రెండు దారులూ కనిపిస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి సుమారు 15 వేలమంది పోయారని అంచనా. అప్పుడు నిజాం మహబూబ్ అలీఖాన్ నదికి పూజ చేశాడని చెప్పుకుంటారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ వరద తర్వాతి ఆలోచనలే. పూజ 'మా చేతిలో లేదు' అంటుంది, జలాశయం 'కొంతైనా ఉంది' అంటుంది.

ఎంత ఉంది అన్నదానికి దివిసీమే జవాబు చెబుతుంది. 1977లో అధికారిక లెక్కే దాదాపు పదివేలు. అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువని చెప్పేవాళ్లు చాలామంది. 1990 మేలో ఇంచుమించు అంతే బలమైన తుపాను మళ్లీ ఆ తీరానికే వచ్చింది. ఈసారి పోయినవాళ్లు వెయ్యిలోపు. గాలి మారలేదు, సముద్రమూ మారలేదు. మధ్యలో ఉపగ్రహాలు వచ్చాయి, తుపాను షెల్టర్లు వచ్చాయి, లక్షమందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఒడిశాలో 1999కీ 2013 ఫైలిన్‌కీ తేడా ఇంకా పెద్దది. వేల నుంచి పదులకి దిగింది. ఈ లెక్క చూశాక 1977ని విధి అనడానికి నోరు రాదు.

అలాగని అంతా మనుషుల తప్పే అనేయడం కూడా నాకు సబబు అనిపించదు. 1996 నవంబరులో కోనసీమ తుపానుకి వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది వేటకి వెళ్లి సముద్రం మీద ఉన్న మత్స్యకారులు. అప్పటికి షెల్టర్లు ఉన్నాయి, ఉపగ్రహాలు ఉన్నాయి, పడవలో వాళ్లకి కబురు చేరే దారి లేదు. పడవ తీసినవాణ్ణి తప్పుపట్టలేం. కానీ ఆ దారి ఎందుకు లేదని అడగొచ్చు.

మా ఉద్యోగాల్లో ఇలాంటి అడగడానికి ఒక పద్ధతి ఉంది. సర్వర్ కూలిపోతే మర్నాడు కూర్చుని పోస్ట్‌మార్టమ్ రాస్తాం. ఎవరి తప్పు అని రాయకూడదు, ఏది తప్పిందో రాయాలి. మంచి పద్ధతే, మనుషులు భయం లేకుండా నిజం చెబుతారు. దాంతో ఒక చిక్కు కూడా ఉంది. 'అలర్ట్ ఆ టీముకి వెళ్లలేదు' అని రాసి ఊరుకుంటాం. ఆ జాబితాలో వాళ్ల పేరు మొదటినుంచీ ఎందుకు లేదన్నది ఎవరూ అడగరు. అమ్మమ్మ చెప్పిన 'ఎవరికీ తట్టలేదు' కూడా సరిగ్గా అలాంటి వాక్యమే. అందులో దోషి లేడు. అబద్ధమూ లేదు.

జూడిత్ ష్క్లార్ అనే రాజనీతి తత్వవేత్త 1990లో 'ది ఫేసెస్ ఆఫ్ ఇన్‌జస్టిస్' అని ఒక పుస్తకం రాసింది. దురదృష్టానికీ అన్యాయానికీ మధ్య గీత ఎక్కడ గీస్తాం, అసలు గీసేది ఎవరు అన్నది అందులో ఆమె చర్చ. సిసిరో నుంచి తీసుకున్న ఒక మాటని ఆమె బాగా సాగదీసింది, నిష్క్రియ అన్యాయం అని. చెయ్యి చేసుకోనక్కర్లేదు, ఆపగలిగి ఆపకపోతే చాలు. గీత గీసే అవకాశం ఎప్పుడూ డాబా మీదున్నవాళ్లకే దొరుకుతుంది. వాళ్లకి అది ఉప్పెన. కాలవ అవతల మిగిలినవాళ్లని అడిగితే ఏమనేవారో మా ఇంటి కథలో లేదు, ఎందుకంటే ఆ కథ చెప్పింది మేమే.

తుపాను కనీసం పేరు పెట్టుకుని వస్తుంది. ఎండలకి అదీ ఉండదు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా వడదెబ్బకి పోయారు. మా ఆఫీసులో ఏసీ కాస్త తగ్గించమని అడిగిన రోజులవి. అది ప్రకృతి విపత్తా, కూలీ పనివేళలు మార్చకపోవడమా?

ఇదంతా రాస్తూ అమ్మమ్మ తరం మీద తీర్పు చెప్పి ముగించేద్దామనే అనుకున్నాను. కుదర్లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు ఫోనులో మ్యాపు పెట్టుకుని గంటగంటకీ చూశాను. అమ్మకి మూడుసార్లు ఫోన్ చేశాను. 'కరెంటు పోకముందే ఛార్జింగ్ పెట్టుకో, బయటికి వెళ్లకు' అని చెప్పిందే చెప్పాను. మా పొలం కౌలుకి చేసే ఆయన ఇల్లు డ్రెయిను గట్టు మీద ఉంటుంది, పైన రేకులు. ఆయన నంబరు నా దగ్గర ఉంది. ఏటా కౌలు డబ్బులు ఆ నంబరు నుంచే వస్తాయి.

తుపాను వెళ్లిన రెండోరోజు చేశాను, చేను ఎంత పడిపోయిందో కనుక్కుందామని.

'కోసిన ఓదెలన్నీ నీళ్లలో ఉన్నాయి బాబూ' అన్నాడు. తర్వాత, నేను అడగకుండానే, 'మేం బడిలో పడుకున్నాం లెండి. వాలంటీరొచ్చి చెప్పాడు' అన్నాడు.

నన్ను ఎవరూ ఆపలేదు. నాకు తట్టలేదంతే.