దాహమా, దాస్యమా?

కూల్ డ్రింకు త్రాగుట పాపమా అని మమ్మును అడుగువారున్నారు. పాపమని చెప్పుటకు మాకు అధికారము లేదు. దానిలో మత్తు లేదు. పెండ్లి విందులలోను క్రిస్మస్ దినమునను బిడ్డలకు మనమే పోయుచున్నాము. అయినను ప్రశ్న అంతటితో తీరలేదు. పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినప్పుడు, ఒక వస్తువు అనుమతింపబడినదా కాదా అని మాత్రమే చూడక, అది నన్ను ఏలుచున్నదా అని కూడ విచారించెను.

కొల్లేటి లంకలలో చేపల చెరువు కాపలా చేయు సహోదరుడొకడు మాతో, "అయ్యగారండి, సారా మానేసి ముప్పయ్యేళ్లు దాటిందండి. ఇది మాత్రం మానలేకపోతున్నానండి" అనెను. మన రాష్ట్రములో 1993లో సారా నిషేధింపబడిన కాలముననే అతడు త్రాగుడు విడిచెను. ఇప్పుడు రాత్రి నిద్ర ఆపుకొనుటకు ఒక సీసా, పగలు ఎండకు ఒకటి, సాయంకాలము మరియొకటి. షుగరు వ్యాధి యున్నదని ఏలూరులో వైద్యుడు చెప్పిన తరువాత, భార్య కంటబడకుండ వలల గుడిసెలో దాచి త్రాగుచున్నాడు. మమ్మును కలవరపరచినది చక్కెర కంటె ఈ దాచుటయే. దాహమైనవాడు దాచుకొని త్రాగడు గదా!

ఈ పానీయముల చరిత్ర వింతయైనది. 1886లో అమెరికాలోని అట్లాంటా పట్టణమున పెంబర్టన్ అను ఔషధములవాడు కోకాకోలాను కలిపెను. అతడు యుద్ధములో గాయపడి, నొప్పికి వాడిన మార్ఫీనుకు బానిసయైనవాడు. అంతకుముందు అతడు ద్రాక్షా మద్యములో కలిపిన మందును అమ్మెడివాడు. ఆ పట్టణమున మద్యనిషేధము రాగా, మద్యము తీసివేసి చక్కెర పాకముతో క్రొత్తదానిని చేసెను. అనగా ఒక బంధకము నుండి తప్పించుకొనుటకు వచ్చిన పానీయమన్నమాట. 1977లో ఆ కంపెనీ మన దేశము విడిచినప్పుడు థమ్సప్ వచ్చెను. 1993లో కంపెనీ తిరిగివచ్చి దానిని కొనెను. సారా పోయిన సంవత్సరము, ఇది తిరిగివచ్చిన సంవత్సరము ఒకటే యగుట కాకతాళీయమే. అయినను ప్రభువు చెప్పిన ఊడ్చిన ఖాళీ యిల్లు మాకు జ్ఞాపకమునకు వచ్చినది. కూల్ డ్రింకును దయ్యమనుట మా ఉద్దేశము కాదు. అట్టి ప్రసంగము నవ్వులపాలగును. ఖాళీ చేసిన చోటున ఏమి పెట్టితిమి అన్నదే మా విచారము.

అది శరీరములో ఎట్లు పనిచేయునో తెలిసికొనుట మేలు. అలసితివని మెదడుకు తెలుపు అడినోసిన్ అను పదార్థముండును. కెఫీన్ దాని చోటు ఆక్రమించును. అలసట పోదు, అలసట కబురు మాత్రము ఆగును. ప్రతిదినము త్రాగువాడు మానినయెడల 12 నుండి 24 గంటలలో తలనొప్పి మొదలై, ఒకటి రెండు దినములలో ముదిరి, సాధారణముగా 2 నుండి 9 దినములలో తగ్గిపోవును. మన సహోదరుడు మానిన ప్రతిసారియు రెండవ దినమునే ఓడిపోయెను. అది అతని విశ్వాసలోపము కాదు, ముందుగా చెప్పువాడు లేకపోయెను. ఇక చక్కెర: ఇట్టి పానీయములలో సామాన్యముగా 100 మిల్లీలీటరులకు 10 గ్రాముల చొప్పున, 250 మిల్లీలీటరుల సీసాలో 25 గ్రాములుండును. దినమునకు అంతకు మించకుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపెను. అతడు త్రాగునది మూడు సీసాలు.

దానియేలు బబులోనులో శాకధాన్యములును నీళ్లును కోరి, పది దినములు పరీక్షింపుమనెను. మేమును అతనికి పది దినములే చెప్పితిమి, అంతలో తలనొప్పి గడచును గనుక. అదియు ఒక్కసారిగా కాదు. మొదట మూడింటిని రెండు చేసి, పిమ్మట ఒకటి చేసి, ఆ తరువాత. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడువారు ముందుగా వైద్యునికి చెప్పవలెను; మందు మోతాదు మార్చవలసి రావచ్చును. మొదట అతడు భార్యకు చెప్పెను. అదే కష్టమైన పని. ఇప్పుడు సంఘ యౌవనస్థుడొకడు రాత్రివేళ ఫ్లాస్కులో చక్కెరలేని టీ తీసికొని అతనికి తోడుగా గట్టు మీద కూర్చుండుచున్నాడు. టీలోను కెఫీన్ కలదని మేమెరుగుదుము. ఒక్కసారే రెండు కొండలు ఎక్కనక్కరలేదు.

మనస్సు గట్టిచేసికొమ్మని చెప్పి లేచివచ్చుట మాకు న్యాయముగా తోచలేదు. కొల్లేటి ఊళ్లలో చుట్టును నీరే, త్రాగుటకు మాత్రము డబ్బా నీరు కొనవలెను. చల్లని సీసా ప్రతి కొట్టులోను దొరకును. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోయు కూలివాడు అన్నమునకు బదులు సీసా త్రాగి మరల బస్తా ఎత్తునప్పుడు, వాని చేతిలోని సీసాను మాత్రమే తప్పుపట్టుట సులభము. మందిరపు గుమ్మమున మంచినీటి కుండ ఉంచుట మన చేతిలోని పని.

మరియొకటి. మేము ప్రార్థనకు వచ్చినప్పుడు అప్పు పెట్టి సీసా తెప్పించు తల్లులున్నారు. మజ్జిగ యిచ్చిన చిన్నతనమని వారి భయము. అమ్మలారా, మాకు మజ్జిగయే ఇయ్యుడి. ఉప్పు కొంచెము వేసి, వీలైతే కరివేపాకు నలిపి.