కడబంతి

కొత్తపేట చుట్టుపట్ల అనేక గృహములలో మొదట పిల్లలు, తరువాత మగవారు భుజింతురు. అందరును లేచిన పిమ్మట అమ్మ కంచము ముందు కూర్చుండును. అప్పటికి పెరుగు మజ్జిగయై, మజ్జిగ నీళ్లయి యుండును. దీనిని మనము త్యాగమని పొగడుచున్నాము. నిజముగా త్యాగమేనా?

శరీరము లెక్క విడిచిపెట్టదు. గుండె కొట్టుకొనుటకును నరములు పనిచేయుటకును రక్తములో కాల్షియం ఒక్క మట్టముననే యుండవలెను. ఆహారములో అది చాలనప్పుడు శరీరము ఎముకలను కరగించి తీసికొనును. ఐగుప్తులో యోసేపు సమృద్ధి సంవత్సరములందు ధాన్యము నిలువ చేయించినట్లు, ఎముకయు సుమారు 30 ఏండ్ల వరకే కూడబెట్టుకొనును. ముట్లుడిగినప్పుడు దానిని కాపాడుచుండిన ఈస్ట్రోజెన్ తగ్గిపోవును గనుక, ఆ మీదట కొన్ని యేండ్లు ఎముక వేగముగా క్షీణించును. మన దేశపు స్త్రీలకు ఆ కాలము సగటున 46, 47 ఏండ్లకే వచ్చుచున్నది. గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీయించుకొనిన స్త్రీకి ఆపరేషను నాడే వచ్చినట్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకొనిన స్త్రీలు అందరికంటె ఎక్కువగా కనబడినది మన ఆంధ్రప్రదేశ్‌లోనే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావలెననియు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 కావలెననియు చెప్పినది. 100 గ్రాముల పాలిషు బియ్యములో 10 మిల్లీగ్రాములకు మించి లేదు. కోనసీమవారము గొప్పగా చెప్పుకొను కొబ్బరిలోను స్వల్పమే! మన అవ్వలు అంబలి కాచుకొనిన చోళ్లలో 300కు పైగా ఉన్నది. గ్లాసెడు పాలలో సుమారు 240. మునగాకు, నువ్వులు, ముల్లుతో సహా నమలదగిన చిన్న చేపలు మనకు కొత్తవి కావు. కొంత ఎండయు తగులవలెను. విటమిన్ డి లేనిదే తిన్న కాల్షియం సరిగా వంటబట్టదు.

సారెపతు విధవరాలు తనకంటె ముందు ప్రవక్తకు రొట్టె పెట్టలేదా యని కొందరడుగుదురు. పెట్టినది. అయితే ఆమెయు ఆమె యింటివారును అనేక దినములు తినిరని అక్కడనే యున్నది. ఆ మాట ప్రసంగములలో తరచుగా జారిపోవును. రూతు సంగతి చూడుడి. బోయజు పొలములో తృప్తిగా తిని, మిగిలినది వృద్ధురాలైన అత్తకు తెచ్చి యిచ్చినది. ఆమె ప్రేమకు అందువలన లోటు కలిగెనని ఎవరును అనలేదు.

ఎంత ఇచ్చుచున్నదో ఎరిగి యిచ్చినయెడల అది త్యాగము. అమ్మ ఎరుగదు. గిన్నెడు పెరుగే గదా యని ఆమె తలంపు. పోవుచున్నది తుంటి యెముక, వెన్నెముక. అరువది దాటిన తరువాత పెరటిలో కాలుజారిన పాటికే తుంటి విరిగి మంచమున పడినప్పుడు, ఆ గిన్నెడు పెరుగు తిన్నవారికి ఆ సంగతి జ్ఞాపకముండునా? ఎరుగని వారి చేతినుండి ప్రతిపూటయు పుచ్చుకొనుటకు త్యాగమను పేరు మనమే పెట్టితిమి, పుచ్చుకొనువారమును మనమే.

మన సంఘపు ప్రేమవిందులోను స్త్రీలది తరచు కడబంతియే. ఈసారి మొదటి బంతి వారికి వేసి, మగవారు వడ్డించి, పెరుగు ఎందాక వచ్చునో చూతము.