నిర్వహణ సంధి: ఇంకేం కావాలి?

కొత్తగూడెంలో ‘నిర్వహణ’ అనే మాట వింటే గనులు, యంత్రాలు, మరమ్మతులు గుర్తుకొస్తాయి. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కనుక అది సహజం. భరతుడి నాట్యశాస్త్రంలో మాత్రం అది కథ ముగింపుకు పేరు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని నాటకానికి ఐదు సంధులు. ‘వహ్’ అంటే మోయడం. మొదట్లో నాటిన బీజాన్నీ, నడుమ చెదిరిపోయిన సంగతులన్నిటినీ కడదాకా మోసి ఒక్క ప్రయోజనం దగ్గరికి చేర్చేది నిర్వహణం. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థాన పండితుడు విద్యానాథుడు ఈ లక్షణాలు చెప్పి ఊరుకోలేదు, వాటికి ఉదాహరణగా ఐదంకాల నాటకాన్నే రాసి ప్రతాపరుద్రీయంలో చేర్చాడు.

దశరూపకంలో ధనంజయుడు ఈ సంధికి 14 అంగాలు చెప్పాడు. నా మనసు ఎప్పుడూ చివరి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. ఒకటి కావ్యసంహారం: పూజ్యుడైన ఒకరు నాయకుణ్ణి, నీకు ఇంకేం చేయమంటావని అడగడం. రెండోది ప్రశస్తి: నాయకుడు లోకానికి శుభం కోరడం. దీన్నే భరతవాక్యం అంటాం. శాకుంతలంలో మారీచ మహర్షి దుష్యంతుణ్ణి అడుగుతాడు, ఉత్తరరామచరితంలో వాల్మీకి రాముణ్ణి అడుగుతాడు. భార్యాబిడ్డలు దక్కాక తనకంటూ కోరడానికి ఏం మిగిలింది? దుష్యంతుడు ప్రజల మేలు కోరి, ఇక తనకు పుట్టుకే లేకుండా చేయమంటాడు. కోరికలకు మూలమైన జన్మనే వద్దనుకోవడం అది.

కథ పూర్తయిందనడానికి మన ఆలంకారికులు ఎంచిన గుర్తు ఇంత లోతైనది. నాటకశాల దాటి ఆలోచిస్తే సాధకుడి బతుకూ ఈ కొలతకే తూగుతుంది. యుద్ధకాండలో రావణవధ తర్వాత ఇంద్రుడు వరం కోరుకోమంటే, రాముడు చనిపోయిన వానరులను బతికించమన్నాడు. వాళ్లు తిరిగే చోట కాలం కాని కాలంలోనూ చెట్లు కాయాలనీ, ఏళ్లలో నీళ్లు తేటగా పారాలనీ అడిగాడు. పద్నాలుగేళ్లు అడవిలో గడిపిన వాడికి ఆకలి సంగతి తెలుసు.

కాని ఆ ప్రశ్న దాకా చేరడం సులువు కాదు. ముందు విమర్శ సంధిని దాటాలి. కోపం వల్లనో కష్టం వల్లనో ప్రలోభం వల్లనో ఫలం చేతికి అందుతుందా లేదా అని మనసు కొట్టుకులాడే ఘట్టమది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో రాముణ్ణి నిలదీసి, దెప్పి, మళ్లీ కాళ్లు పట్టుకుని పాడిన కీర్తనలన్నీ నాకు ఆ సంధిలోనివిగానే వినిపిస్తాయి. వాటిని తక్కువ భక్తి అనుకునే వారితో నేను ఏకీభవించను. ఐదు సంధుల నాటకంలో విమర్శం దాటనిదే నిర్వహణం రాదు.

భద్రాద్రి స్థలపురాణం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మేరువు కొడుకు భద్రుడు తన శిరస్సు మీద కూర్చోమని వనవాసంలో ఉన్న రాముణ్ణి వేడుకున్నాడు. సీత దొరికాక వస్తానని రాముడు మాట ఇచ్చాడు. అవతారం ముగిసింది, మాట మిగిలిపోయింది. పట్టాభిషేకంతో కథ అయిపోయిందని అంతా అనుకున్నా, దండకారణ్యంలో ఒక బీజం మొలకెత్తకుండా ఉండిపోయింది. దానికోసం విష్ణువు మళ్లీ రామరూపంలో, సీతను ఎడమ తొడపై కూర్చోబెట్టుకుని, నాలుగు చేతులతో దిగి వచ్చాడు. వైకుంఠరాముడని పిలిచేది అందుకే. భగవంతుడు సైతం నిర్వహణం ఎగ్గొట్టలేదు.

ఏటా శ్రీరామనవమి కల్యాణం మర్నాడు, దశమి నాడు, భద్రాచలంలో మహాపట్టాభిషేకం జరుగుతుంది. భద్రుడు రాజ్యం అడగలేదు, ఆయుష్షు అడగలేదు. రాముణ్ణి మోయడం ఒక్కటే అడిగాడు. ఆ వరం దక్కాక అతడు కొండై నిలిచిపోయాడు, ఇంకేం కావాలని అతణ్ణి ఎవరూ అడగనవసరం లేకపోయింది.