పెళ్లికొడుకు లేని తోట

కుప్పం, పలమనేరు వైపు ఎర్రనేలల మీద చామంతి పండించే ఊళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఊళ్లో, తండ్రి పోయాక ఎకరం చామంతి తోట ఒక కుర్రాడి చేతికొచ్చింది. తండ్రి హయాంలో ఆ తోటకు ఒక పద్ధతంటూ లేదు. ఒక మడిలో తెల్లటి ముద్ద చామంతి, పక్క మడిలో ఒంటిరెక్క చామంతి, బావి దగ్గర పచ్చటి నాటు రకం, కాలవ గట్టు పొడుగునా ఎప్పుడు ఎవరు నాటారో తెలియని ఎర్రటి చిట్టి చామంతి. ఏది పూస్తే అది గంపకెత్తి మండీకి పంపేవాడు. వచ్చినంత వచ్చేది.

కొడుకు లెక్క తెలిసినవాడు. ఏ పువ్వు ఎంత తూగుతుందో, ఏది మూడు రోజులు వాడకుండా నిలుస్తుందో, ఏ గంపను వ్యాపారి ముందుగా ముట్టుకుంటాడో ఒక సీజనంతా మండీలో నిలబడి చూశాడు. అన్నింట్లోనూ తెల్ల ముద్ద చామంతిదే పైచేయి. అందులోనూ ఒక చెట్టు పువ్వు అరచెయ్యంత ఉంది. మధ్యలో పచ్చటి కన్నన్నదే కనబడకుండా అంచు నుంచి నడిమి దాకా రేకులే.

ఆ చెట్టుకొక గుర్తు కట్టాడు. పూత అయ్యాక దాని మొదట్లో లేచిన పిలకలు తీసి ఒక మడి నింపాడు. మరుసటేడు ఆ మడి పిలకలతో నాలుగు మళ్లు నింపాడు. చోటు కావలసి వచ్చినప్పుడల్లా మిగతా రకాలను పెరికి గట్టు మీద పోశాడు.

పక్క పొలం అవ్వ ఆ కుప్పలోంచి నాలుగు ఒంటిరెక్క పిలకలు ఏరి కొంగులో వేసుకుంది.

"అవెందుకవ్వా? మండీలో అడిగేవాడు లేడు" అన్నాడు.

"నాకు మండీతో ఏం పనిరా అబ్బోడా? పొద్దున్నే గడపకు రెండు పూలు పెట్టుకుంటా. పూసే చెట్టును ఎండబెడతారా ఎవరైనా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. అవ్వ వాటిని పెరట్లో తొట్టి పక్కన గుచ్చింది. పశువులు తాగగా ఒలికిన నీళ్లే వాటికి దిక్కు.

కొన్నేళ్లకు ఎకరమంతా ఒకే తెలుపు. ఒకే ఎత్తు, ఒకేసారి పూత, ఒకే కోత. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి వ్యాపారులు గట్టు దాకా వచ్చి బేరం కుదుర్చుకునేవాళ్లు. తోట చూడడానికి పక్క ఊళ్ల రైతులొచ్చేవాళ్లు. అందరికీ అతను ఒకే మాట చెప్పేవాడు: "మంచిదాన్ని ఉంచుకో, మిగతాది పీకెయ్."

ఒక ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. నల్లబడి, పైకి పాకాయి. మందు కొట్టాడు. వాన కడిగేసింది. మళ్లీ కొట్టాడు. ఒక మడి అయినా తట్టుకుంటుందేమోనని చూశాడు. ఏదీ తట్టుకోలేదు. ఎకరం మొత్తం ఒకే తీరుగా మాడింది. మెరక మీదున్న కొద్ది చెట్లు మాత్రం ఎలాగో పూతకొచ్చాయి.

ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఆ ఊళ్లోనే ఉంటాడు. తోట చూడడానికి వచ్చాడు.

"మందుతో ఈ ఏడు గడుస్తుంది నాయనా. పోయి పోయి మళ్లీ ఇక్కడికే వస్తావు. ఈ పువ్వు నిండుదనమూ, ఏదైనా గట్టి రకం తట్టుకునే శక్తీ కలిపి కొత్త రకం తీసుకో. చామంతిలో అది రైతు చేతిలో పనే. కుంచె, కత్తెర, ఓపిక ఉంటే చాలు."

కుర్రాడికి హుషారొచ్చింది. మరునాడే కుంచె పట్టుకుని మెరక మీది చెట్లన్నీ తిరిగాడు. ఒక పువ్వు రేకులు విప్పి చూశాడు. పుప్పొడి లేదు. ఇంకోదాంట్లో లేదు. పొద్దెక్కేదాకా వెతికినా కుంచెకు ఒక్క పచ్చటి రేణువు అంటలేదు. పెద్దాయన దగ్గరికి పరుగెత్తాడు.

పెద్దాయన ఒక చామంతిని చేతిలోకి తీసుకుని చూపించాడు. "మనం ఒక పువ్వు అనుకుంటాం గానీ ఇది వందల పూల గుంపు. చుట్టూ ఉన్న ఒక్కో రేకూ ఒక్కో ఆడ పువ్వు. దానికి అండం ఉంటుంది, పుప్పొడి ఉండదు. పుప్పొడి ఉండేది నడిమి కంటిలోని సన్నటి గొట్టాల్లో. నువ్వేమో కన్ను లేని పువ్వే కావాలన్నావు. పువ్వు ముద్దయ్యే కొద్దీ ఆ గొట్టాలు రేకులుగా మారిపోతాయి. నీకు నచ్చిన నిండుదనం పుప్పొడి పోగా వచ్చిందే."

"ఎకరంలో ఎక్కడో ఒక చెట్టుకైనా ఉండదా?"

"ఉన్నా లాభం లేదు. చామంతి తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. నీ ఎకరంలో ఎన్ని చెట్లున్నాయి?"

"వేలున్నాయి."

"ఒక్కటే ఉంది. పిలక అంటే కొత్త చెట్టు కాదు, ఆ చెట్టే ఇంకో చోట నిలబడడం. అందుకే తెగులు కూడా అన్నింటినీ ఒకేలా పట్టింది."

కుర్రాడు నేరుగా అవ్వ పెరట్లోకి నడిచాడు. తొట్టి పక్కన ఒంటిరెక్క చామంతి గుబురుగా పూసి ఉంది. కింది ఆకులకు నాలుగు మచ్చలున్నాయి గానీ పైన పచ్చగా ఉంది. పువ్వు పువ్వుకూ మధ్యలో పచ్చటి కన్ను, కంటి నిండా పుప్పొడి.

సంగతంతా విని అవ్వ పకపకా నవ్వింది. "తోట నిండా పెళ్లికూతుళ్లను నిలబెట్టినావు. పెళ్లికొడుకును గట్టు మీద పారేసినావు. ఇంక పెళ్లి ఎట్లవుతుందిరా? తీసుకుపో. ఎన్ని కావాలంటే అన్ని కోసుకో."

పెద్దాయన చెప్పినట్టే చేశాడు. మెరక మీది ముద్ద పూలలో రేకులను కత్తెరతో మొదలు దాకా కత్తిరించాడు. అడుగున దాగిన కీలాలు బయటపడ్డాయి. అవి రెండు కొనలుగా చీలిన పొద్దున అవ్వ పూల పుప్పొడిని కుంచెతో అద్దాడు. పువ్వులో అన్నీ ఒకేసారి విచ్చవు, అంచు నుంచి లోపలికి వరసగా విచ్చుతాయి. అందుకే రోజు విడిచి రోజు మళ్లీ అద్దాడు. తేనెటీగ ఇంకెక్కడి పుప్పొడో తెచ్చి పెట్టకుండా కాగితం సంచీ తొడిగాడు. ఆరేడు వారాలకు తల ఎండింది. నలిపితే ఊకలో ఊకలా సన్నటి గింజలు రాలాయి.

ఆ గింజలు నారు పోస్తే ఒకదాని పోలిక ఒకదానికి లేదు. చామంతికి క్రోమోజోములు ఆరు కట్టలు, మొత్తం 54. ఆరు పేకలు కలిపి పంచినట్టు ప్రతి మొలకకూ వేరే ముక్కలు పడతాయి. రాత్రులు పొడుగయ్యే కాలం వచ్చి మొగ్గ తొడిగాక చూస్తే తెలుపు, మీగడ రంగు, లేత పసుపు, పొట్టివి, సాగినవి, ఎక్కువ భాగం ఒంటిరెక్కవే. ముద్దగా పూసిన కొన్నింటిని తెగులు మళ్లీ పట్టింది. చేతి అలవాటు కొద్దీ ఒంటిరెక్కవి పెరకబోయి ఆగాడు. వాటిలో ఆకు శుభ్రంగా ఉన్నవాటిని కాలవ గట్టు మీదికి మార్చాడు.

అన్నింటి నడుమ ఒక చెట్టు అతని కన్ను పట్టింది. పువ్వు పాతదానికంటే చిన్నది. రేకులు ఒత్తుగా, తొడిమ గట్టిగా ఉన్నాయి. ముసురులోనూ ఆకు నిలిచింది. మొదటేడు పువ్వు చూసి మురిసిపోలేదు. పిలకలు తీసి ఒక సాలు పెట్టాడు, తర్వాతి ఏడు ఒక మడి పెట్టాడు. మూడు పూతల్లోనూ రంగు, ఎత్తు, రేకు మారలేదు. దండ కట్టే వాళ్లకిచ్చి సూదికి రేకు రాలుతుందేమో చూడమన్నాడు. రాలలేదు. అప్పుడు గంపకెత్తాడు.

మండీలో వ్యాపారి పువ్వును తిప్పి చూశాడు. "బాగుంది గానీ, బాగా విచ్చాక నడుమ కాస్త కన్ను కనబడుతోందే. అది కూడా పూడ్చేస్తే ఇంకో పది ఎక్కువిస్తా."

"ఆ పది నాకొద్దు. కన్ను ఉండనీ" అన్నాడు కుర్రాడు.

నీతి: గెలిచినదాన్ని ఒక్కదాన్నే ఉంచుకున్నవాడికి రేపటి గెలుపుకు విత్తనం ఉండదు.

ఏరుకోవడం తప్పని ఈ కథ చెప్పడం లేదు. ఏరకపోతే మంచి రకమే రాదు. ఏరగా మిగిలినదాన్ని నాశనం చెయ్యడమే తప్పు. చామంతి చరిత్రలో దీనికి సాక్ష్యాలున్నాయి. 1846లో మొక్కలు సేకరించే రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి ఇంగ్లండుకు చూసాన్ డైసీ అనే చిన్న చామంతిని తెచ్చాడు. పెద్ద పూల మోజులో ఉన్న ఇంగ్లీషువాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఫ్రెంచి తోటమాలులు చేరదీశారు. గుండ్రటి బంతుల్లాంటి పాంపన్ చామంతుల వంశం దాన్నుంచే వచ్చింది. అమెరికాలో కనెక్టికట్ చలికి తోట చామంతులు తట్టుకోలేకపోతుంటే, అలెగ్జాండర్ కమింగ్ అనే నర్సరీ ఆయన కొరియా నుంచి వచ్చిన ఒంటిరెక్క చామంతితో వాటిని కలిపాడు. 1930లలో పేరు తెచ్చుకున్న కొరియన్ హైబ్రిడ్లు అలా పుట్టాయి. రెండు చోట్లా కొత్తదనం తెచ్చింది అందగత్తె కాదు, ఎవరూ లెక్కచెయ్యని సాదా పువ్వు.

మన దేశంలో 2001 నాటి చట్టం రైతు తీసిన రకాన్ని కూడా రైతు పేరు మీద నమోదు చేసుకోనిస్తుంది. ఆ రకం మిగతావాటికంటే వేరుగా ఉండాలి, చెట్టు చెట్టుకూ తేడా లేకుండా ఉండాలి, ఏటేటా నిలకడగా ఉండాలి. కలిపి తీసిన రకానికి ఆ హక్కు వాడుకోవాలంటే ముందు రైతు దగ్గర కలపడానికి రెండు వేరువేరు చెట్లుండాలి.

బడిలోనూ కొలువులోనూ ఇదే లెక్క. నిరుడు మొదటొచ్చినవాడిలాంటి వాళ్లనే ఈ ఏడూ ఏరుకుంటూ పోతే పదేళ్లకు గదినిండా ఉండేది ఒక్క మనిషే. ముసురు పట్టినప్పుడు ఆ గదిలో తట్టుకునేవాడు ఉండడు.

చామంతి వేసే ప్రతి రైతూ ఈ సీజన్లో ఒక పని చెయ్యాలి. మండీ అడగని రకాలకు గట్టు మీద ఒక సాలు వదలండి. ఆ సాలుకు ఈ ఏడు ధర రాదు. కొత్త రకం కావలసి వచ్చిన రోజున మీ తోటలో దానికంటే విలువైన మడి ఇంకోటి ఉండదు.