గబ్బిలానికి లేని అడ్డు

సాహిత్యం గురించి రాయడానికి నాకున్న అర్హత తక్కువ. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. హోసూరు ప్రాంతంలో పుట్టి పెరిగిన నాకు అమ్మ నేర్పిన తెలుగూ, బడి వాచకాల్లోని పద్యాలూ తప్ప వేరే పెట్టుబడి లేదు. అయినా ఒక ప్రశ్న కొన్నేళ్ళుగా నన్ను వదలడం లేదు. మనిషి క్రూరత్వాన్ని కవి నేరుగా చెప్పకుండా ఒక పువ్వునో, గబ్బిలాన్నో ఎందుకు ఆశ్రయిస్తాడు? అది చదివి కంటతడి పెట్టినంత మాత్రాన మనలోని క్రూరత్వం తగ్గుతుందా?

కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో విననివారు మనలో అరుదు. పూజకని కోయబోయిన చేతిని పూలే నిలదీస్తాయి. విన్నప్పుడల్లా మనసు కరుగుతుంది. మర్నాడు పొద్దున సంతలో మూర చామంతులు కొంటూ, పూలమ్మే ఆమెతో రెండు రూపాయలకు బేరమాడతాం. ఇది కవి లోపమని నేననను. పువ్వు మీద జాలి మననుంచి పెద్దగా ఏమీ కోరదు. అందుకే ఆ ఏడుపులో కొంత హాయి కూడా ఉంటుంది.

జాషువా ‘గబ్బిలం’ (1941) మనల్ని అలా హాయిగా ఉండనివ్వదు. కాళిదాసు ‘మేఘసందేశం’లోని యక్షుడు కుబేరుడి కొలువులో ఉద్యోగి. విధి నిర్వహణలో ఏమరుపాటుకు ఏడాదిపాటు బహిష్కరణ పొంది, మేఘంతో భార్యకు కబురు పంపుతాడు. జాషువా ఆ పద్ధతినే తీసుకున్నాడు. కానీ ఇక్కడ కబురు పంపేవాడు ఊరు వెలిగా ఉంచిన పేదవాడు. అతడు ఏ ఏమరుపాటూ చేయలేదు. ఆ కులంలో పుట్టాడు, అంతే. అతని గోడు చేరవలసినది కాశీ విశ్వనాథుడికి. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉంది.

గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమని శాంతులు చేయించుకునేవాళ్ళం మనం. అదే గబ్బిలం దేవుడి సన్నిధిలో తలకిందులుగా వేలాడుతుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈ సంగతులేవీ మనకు తెలియనివి కావు. కవి వాటిని ఎదురెదురుగా పెట్టాడు. జమా, ఖర్చూ పక్కపక్కన రాస్తేనే లెక్కలో తేడా బయటపడుతుంది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కానీ ఆ కావ్యం తెరిచినప్పుడల్లా లెక్క ఇంకా ఎక్కడో కుదరలేదనిపిస్తూనే ఉంటుంది.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ కిందట మా ఊరి ఉగాది సభలో ‘గబ్బిలం’ పద్యాలు రాగం తీసి చదివాను. చప్పట్లు మోగాయి. ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు. మార్చి ఆఖరు కావడంతో మర్నాటినుంచి ఖాతాల ముగింపు పనులు, తాకట్టు నగల వేలం. ఆ హడావిడిలో ఒక ముసలమ్మ వచ్చి మా శాఖ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆమెకు అందిన నోటీసు తమిళంలో, ఇంగ్లీషులో ఉంది. ఆమెకు వచ్చింది తెలుగు మాట్లాడటం ఒక్కటే. నా అద్దాల గదిదాకా రావడానికి జంకి, కాపలా అతనితో చెప్పుకుంది. అతను లోపలికొచ్చి, “సార్, ఆ అవ్వ మనవాళ్ళే. కమ్మలు కూతురివంట. ఒక నెల గడువు ఇయ్యమంటా ఉంది” అన్నాడు.

నేను తలెత్తలేదు. నా ముందున్న జాబితాలో ఆమె ఒక ఖాతా నంబరు, దాని పక్కన ‘ఓవర్‌డ్యూ’ అన్న మాట. “రూలు ఒప్పుకోదని చెప్పు” అన్నాను. నిజానికి వడ్డీలో కొంత కట్టించుకుని వేలం ఆపే వీలుండింది. ఆ వీలు చూడటానికి నాకు తీరిక లేకపోయింది. కమ్మలు వేలంలో పోయాయి.

చాలా రోజుల తరువాత ఆ పుస్తకం మళ్ళీ తిరగేస్తుంటే కాపలా అతను గుర్తొచ్చాడు. బయట నిలబడిన మనిషి గోడును లోపలికి మోసుకొచ్చినవాడు అతనే. సభలో పద్యం చదువుతున్నంతసేపూ నేను ఆ పేదవాడి పక్షాన ఉన్నాననుకున్నాను. తీరా చూస్తే నేను కూర్చున్నది గుడి లోపల.

కవి ప్రతీకను ఎందుకు ఆశ్రయిస్తాడో అప్పుడు కొంత బోధపడింది. నేరుగా తిడితే ఆ తిట్టు ఇంకెవరికో అనుకుని తప్పుకునేవాణ్ణి. గబ్బిలాన్ని ఇంట్లోకి రానిచ్చాను కనుక తప్పించుకోలేకపోయాను. ఇక కంటతడి మాటకొస్తే, దానివల్ల క్రూరత్వం తగ్గదని నా అనుభవమే చెబుతోంది. కన్నీళ్ళు పెట్టించిన చదువరిని నేనే, తల ఎత్తని అధికారిని నేనే. కవిత్వం చేయగలిగింది ఆ ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టడం. ఆ తరువాత లేచి గుమ్మందాకా నడవవలసింది మనమే.

ఇప్పుడు వేలం నోటీసు మీద సంతకం పెట్టేముందు ఆ మనిషిని పిలిపించి, వారికొచ్చిన భాషలో చదివి వినిపిస్తున్నాను. అయినా గడువు ఇవ్వలేని సందర్భాలు ఉంటూనే ఉన్నాయి. ఆ అవ్వ మాత్రం మళ్ళీ మా శాఖకు రాలేదు.