భూటాన్ రహదారి: కొండను తవ్వితే పాపమా, దారి వేస్తే పుణ్యమా?

భూటాన్‌ను పడమటి నుంచి తూర్పుకు దాటించే జాతీయ రహదారి థింపూ దగ్గరి సెమ్‌తోఖాలో మొదలై ట్రాషిగాంగ్ దాకా సుమారు 550 కిలోమీటర్లు సాగుతుంది. 1961లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలయ్యేనాటికి ఆ దేశంలో మోటారు బండి నడిచే దారే లేదు. 1958లో నెహ్రూ చుంబీ లోయ గుండా గుర్రాల మీదే పారో చేరారు. తర్వాత భారత సరిహద్దు రహదారుల సంస్థకు చెందిన దంతక్ ప్రాజెక్టు అక్కడి కొండలను తొలిచి రోడ్లు వేసింది.

ఆ తొలవడం దగ్గరే ధర్మసందేహం పుడుతుంది. భూటానీయుల విశ్వాసంలో ప్రతి నేలకూ ఒక యజమాని ఉంటాడు. అతన్ని సదగ్ అంటారు. ఊటల్లో, చెలమల్లో 'లు' అనే నాగులుంటారు. అడగకుండా గునపం దించితే వాళ్లకు కోపం వస్తుంది, రోగాలూ వానలూ మీద పడతాయి. అందుకే తవ్వకానికి ముందు లామా చేత క్రతువు చేయించి అనుమతి అడుగుతారు. మన భూమిపూజకు ఇది దగ్గరి చుట్టమే.

బౌద్ధ శాస్త్రం వైపు నుంచి చూస్తే చిక్కు ఇంకా గట్టిది. బుద్ధుడు పెట్టిన వినయ నియమాల ప్రకారం భిక్షువు నేల తవ్వకూడదు. అదే బుద్ధుడు తోటలు నాటేవారికి, వంతెనలు కట్టేవారికి రాత్రింబవళ్లు పుణ్యం పెరుగుతుందని సంయుత్త నికాయంలో చెప్పాడు. ఇనుప గొలుసుల వంతెనలు కట్టి హిమాలయ ప్రజల మన్ననలందుకున్న 15వ శతాబ్దపు థాంగ్‌తోంగ్ గ్యాల్పో కూడా లామాయే. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది చేతనే, అంటే తలంపే, కర్మ అన్న సూత్రం: గునపం కింద పురుగు చచ్చినా, చంపాలన్న తలంపు లేకపోతే అది హత్య కాదు. వాదం సరైనదే కానీ, కాస్త సుఖమైన వాదం కూడా.

రోడ్డు మీద మాత్రం సర్దుబాటు చక్కగా కనిపిస్తుంది. చోర్తెన్ అనే స్తూపాన్ని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకుని దాటాలి. భూటాన్‌లో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కనుక, దారి నడుమ చోర్తెన్ ఉంటే ఎటు వెళ్లే డ్రైవరుకైనా ప్రదక్షిణ దిశ దానంతటదే కుదిరిపోతుంది. దాదాపు 3,800 మీటర్ల ఎత్తున్న థ్రుమ్‌షింగ్ లా వంటి కనుమల్లో ప్రార్థన జెండాలు కడతారు, దేవతలకు జయమని కేక వేస్తారు. బండల తొర్రల్లో, చనిపోయినవారి చితాభస్మం కలిపి చేసిన చిన్న మట్టి గోపురాలు, త్సాత్సాలు, వరుసగా పెట్టి ఉంటాయి.

మనుషుల చావు దగ్గర చేతన సూత్రం చాలదు. థ్రుమ్‌షింగ్ లా దగ్గరి నామ్‌లింగ్ కొండ చరియను తొలిచేటప్పుడు భారత, నేపాల్ కూలీలు పెద్ద సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. చంపాలని ఎవరూ అనుకోలేదు. ప్రమాదమని మాత్రం అందరికీ తెలుసు. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని సంప్రదాయం చెప్పే రత్నావళి, దారుల వెంట సత్రాలు, నీటి వసతులు ఏర్పరచమనడంతో ఆగదు. చీమల పుట్టల దగ్గర ఆహారం పెట్టించమని కూడా అంటుంది. అంటే చెడు తలంపు లేకపోవడం పాలకుడికి సరిపోదు, జాగ్రత్త కూడా అతని ధర్మమే. గత దశాబ్దంలో ఈ రహదారిని రెండు వరుసలకు వెడల్పు చేసినప్పుడూ రాళ్లు కొట్టినవారిలో ఎక్కువమంది భారత కూలీలే. రత్నావళి కొలతతో చూస్తే, సదగ్ అనుమతి తీసుకున్నంత శ్రద్ధ ఆ కూలీల ప్రాణాల మీద పెట్టారని చెప్పలేం.