ఇంటిని బడి చేయకు

గుడివాడ

చి.సౌ. అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈ జూన్‌లో పాపని కాన్వెంటులో వేయడం లేదనీ, ఇంట్లోనే చదువు చెప్పుకుంటామనీ రాశావు. అక్కయ్య రోజూ ఫోన్ చేసి "నువ్వైనా చెప్పరా దానికి" అని ఒకటే పోరు. నేను వద్దనడానికి రాయడం లేదమ్మాయ్. జీవితమంతా సర్కారు బళ్ళో పిల్లల చేత పలక మీద దిద్దించినవాణ్ణి. నాలుగేళ్ళ పిల్లకి హోంవర్కు, ర్యాంకు, వ్యాన్‌లో గంట ప్రయాణం అక్కర్లేదని నీకన్నా గట్టిగా నమ్ముతాను.

ముందు చట్టం సంగతి తేల్చేస్తాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి వర్తిస్తుంది. ఇప్పుడైతే మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. ఆరు నిండాక బడిలో చేర్పించే బాధ్యత ఆ చట్టం తల్లిదండ్రుల మీదే పెట్టింది. ఇంటి చదువు గురించి అందులో విడిగా ఏమీ లేదు. ఇంట్లో చదివించుకునేవాళ్ళు చాలామంది సార్వత్రిక విద్యనే నమ్ముకుంటున్నారు. 1989లో పెట్టిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళని పదో తరగతి పరీక్షకి కూర్చోనిస్తుంది. మన రాష్ట్రానికీ అలాంటి ఓపెన్ స్కూల్ ఒకటుంది. మధ్యలో మనసు మారినా, వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని ఆ విద్యాహక్కు చట్టంలోనే ఉంది. కాబట్టి దీన్ని శపథంలా పట్టుకోకు. ఏటికేడు పిల్లని చూసి తేల్చుకో.

నాకు దిగులు కలిగించింది నువ్వు పంపిన టైంటేబుల్. తొమ్మిదింటికి ఇంగ్లీషు, పదింటికి లెక్కలు, పదకొండింటికి వర్క్‌షీట్లు! కాన్వెంటు వద్దనుకుని కాన్వెంటునే నట్టింట్లోకి తెచ్చిపెట్టుకుంటున్నావు తల్లీ. బళ్ళో అయితే టీచరు కసిరినా ఇంటికొచ్చి అమ్మ ఒడిలో దూరుతుంది. అమ్మే టీచరై కసిరితే ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?

సాయంత్రం పూట పాపని తీసుకుని మీ జంక్షన్ సెంటర్లో, ఆంజనేయస్వామి గుడి దగ్గర కాసేపు నిలబడు. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ బస్సులన్నీ అటే పోతాయి. ముందు తాతయ్య ఊరి బస్సు బోర్డు గుర్తుపట్టమను. కొన్నాళ్ళకి 'నూజివీడు'లో నకి ఉన్న కొమ్ముదీర్ఘమే 'ఏలూరు'లో లకీ ఉందని తనే వేలెత్తి చూపిస్తుంది. అప్పటిదాకా నువ్వు అందించకుండా ఊరుకోవాలి. నేర్పడంలో అన్నిటికన్నా కష్టమైన పని అదే.

లెక్కలకి వామనగుంటల పీట చాలు. పద్నాలుగు గుంటలు, గుంటకి నాలుగేసి చింతపిక్కలు. ఒక్కొక్కటే పంచుకుంటూ పోతుంటే కూడికా తీసివేతా చేతివేళ్ళకే వస్తాయి. పొరపాటుగా పంచిందనుకో, ఆట ఎక్కడో ఒకచోట తేడా కొట్టి తనకే తెలిసిపోతుంది, నువ్వు నోరెత్తనక్కర్లేదు. మామిడికాయల రోజుల్లో నూజివీడు రసాలు తెస్తారుగా, పుంజీల్లో లెక్కపెట్టించు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం ఎక్కాలు అప్పజెప్పించకు. నీ నిర్ణయం సరైనదేనని నిరూపించే భారం పిల్ల మీద వేయడం అన్యాయం.

ఇంకొకటి, నా మనసుకి బాగా పట్టిన విషయం. ఇంటి చదువు మనకి కొత్తేం కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాలవారీగా బడుల లెక్క తీయించాడు. మద్రాసు పట్నంలో బడి పిల్లల కన్నా ఇంట్లో చదివేవాళ్ళు అయిదు రెట్లకి పైగా ఉన్నారని 1826లో రాశాడు, ఆ అంకెలో పొరపాటు ఉండొచ్చని కూడా తనే అన్నాడు. అయితే ఎవరిళ్ళలో చదివారు? అక్షరం తెలిసినవాళ్ళ ఇళ్ళలో, పంతుల్ని పెట్టుకోగలిగినవాళ్ళ ఇళ్ళలో. ఆనాటి బళ్ళలో ఆడపిల్లలు బహు కొద్దిమంది. ఊరి బయట ఉంచేసిన కుటుంబాల పిల్లలకి బడి గుమ్మం ఎక్కడానికి తరాలు పట్టింది. మీ అమ్మమ్మ బతికినన్నాళ్ళూ వేలిముద్రే వేసింది. బడి చాలామందికి పోరాడితే దొరికిన వరం. మీ ఇంట్లో పనికొచ్చే ఆవిడ కూతురు యూనిఫాం వేసుకుని ఎలిమెంటరీ స్కూలుకి పోతుంటుందిగా, ఆ పిల్ల ముందు "మేము బడికి పంపం" అని గొప్పగా అనకు. పాప నోట కూడా ఆ మాట రానివ్వకు.

అందుకే పాపని ఇంటికే కట్టేయకు. మీ వీధి అంగన్‌వాడీకి ఓ పూట పంపు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్ని కూడా చేర్చుకుంటారుగా అక్కడ. గుడ్డు తింటుంది, పాట పాడుతుంది, బొమ్మ కోసం దెబ్బలాడుతుంది, వంతు వచ్చేదాకా ఆగడం నేర్చుకుంటుంది. ఒంటి పిల్లకి ఈ చివరిది నువ్వెంత తాపత్రయపడ్డా నేర్పలేవు.

నీ ఉత్తరంలో ఆద్యంతం 'నేను చెబుతాను, నేను చూసుకుంటాను' అనే ఉంది. అల్లుడి మాట ఎక్కడా కనపడలేదు. వంటా, అత్తగారి మందులూ, పిల్ల చదువూ అన్నీ నీ నెత్తినే పడితే నెల తిరక్కుండా విసుగొస్తుంది, ఆ విసుగు పిల్ల వీపు మీద తేలుతుంది. లేదంటే ఫోను చేతికిచ్చి కూర్చోబెడతావు. అతను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్నాడు కదా. జవాబు రాసేటప్పుడు అతని చేత కూడా నాలుగు ముక్కలు రాయించు. వారంలో ఏయే పూటలు పాప తన దగ్గర ఉంటుందో అతని దస్తూరీలోనే చూడాలి నేను.

ఆశీస్సులతో,
మావయ్య